మాట ఒకటే, ఇంటిపేరు వేరు



బరంపురంలో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబంలోని పిల్లవాడు బడిలో "పాట" అన్నాడనుకోండి. పక్క పిల్లలు నవ్వారు. ఒడియాలో పాట అంటే పట్టు, పాట చీర అంటే పట్టుచీర. వాడు ఇంటికొచ్చి, "మనం ఆ మాట తప్పుగా వాడుతున్నామా?" అని అడిగాడు. మీరేం చెబుతారు?

పెద్దవాళ్లలో కొందరు "అవున్రా, ఇక్కడికొచ్చి మన తెలుగు పాడైపోయింది" అంటారు. మరికొందరు "వాళ్లే మన మాట పట్టుకుపోయి అర్థం మార్చేశారు" అంటారు. రెండూ నిజం కావు. మొదటి జవాబు విన్న పిల్లవాడు మర్నాటినుంచి బయట తెలుగు మాట్లాడటానికే సిగ్గుపడతాడు. నాకు బాధ కలిగించేది అదే.

అసలు సంగతి ఇది. మన పాట "పాడు" లోంచి పుట్టింది. ఆడు, ఆట, పాడు, పాట. తమిళులు "పాట్టు" అంటారు, వారిదీ ఇదే కుటుంబం. ఒడియా పాట వచ్చిన దారి వేరు. సంస్కృతంలోని "పట్ట" ప్రాకృతాలు దాటి వచ్చేసరికి జంట హల్లు ఒంటిదై, దాని ముందున్న అచ్చు దీర్ఘమైంది. ఆ ఒక్క మాటకే ఇలా జరగలేదు. సప్త "సాత" అయింది, హస్త "హాత" అయింది. ఆ వరుసలోనే పట్ట "పాట" అయింది. కాబట్టి ఒడియా పాట మన "పట్టు"కు చుట్టం, మన పాటకు ఏమీ కాదు. రెండు వేర్వేరు దారులు ఒక కూడలిలో కలిశాయి, అంతే.

షోలాపూరు మగ్గాల పేటల్లోని తెలుగువారికి ఇంకో తమాషా తెలుసు. మరాఠీలో "మీ" అంటే నేను. "మీ సోలాపూర్‌చా" అని ఒకాయన తన ఊరు చెప్పుకుంటే, అప్పుడే తెలుగు పల్లెనుంచి వచ్చిన అమ్మమ్మకు అది "మీ ఊరు" అన్నట్టే వినబడుతుంది. మరాఠీ మీ సంస్కృతంలోని "మయా" నుంచి వచ్చింది. మన మీ "మీరు" లోది. నీవుకు నీ, మేముకు మా, మీరుకు మీ.

ఆ "మా" దగ్గర యానాం శ్రోతలు నన్ను ఆపవచ్చు. 1954 దాకా ఫ్రెంచివారి పాలనలో ఉన్న ఊరు కదా! ఫ్రెంచిలోనూ "మా" ఉంది, అర్థం "నా" అని. ఇక్కడ రూపంతోపాటు అర్థం కూడా దాదాపు కలిసింది. ఎవరైనా మోసపోతారు. కాని ఫ్రెంచి మా స్త్రీలింగ పదాల ముందే వస్తుంది. పుంలింగమైతే "మోఁ", బహువచనమైతే "మే". మన మాకు ఆ గొడవ లేదు. మా అన్న, మా అక్క, మా ఎడ్లు, అన్నిటికీ ఒకటే. పైగా ఫ్రెంచి మా లాటిన్ "మెఆ" బిడ్డ.

మరి నిజమైన చుట్టాలను గుర్తుపట్టడం ఎలా? బళ్లారి, కోలారు శ్రోతలకు ఇది కరతలామలకం. మన పాలు కన్నడంలో "హాలు". మన పులి "హులి", పండు "హణ్ణు", పువ్వు "హూవు". మనం ప అన్నచోట వారు హ అంటున్నారు, ఒక్కచోట కాదు, వరుసగా. అలాగే మన చెవి వారికి "కివి", చెడు "కెడు", చెరువు "కెరె". చుట్టరికం పోలికలో కంటే ఇలా ఒక పద్ధతిలో వచ్చే తేడాలోనే బాగా తెలుస్తుంది. మన ముందు గదిని కూడా హాలు అంటాం. అది ఇంగ్లీషునుంచి వచ్చింది, కన్నడిగుల పాలతో దానికి పనిలేదు!

1816లో కాంప్‌బెల్ దొర తెలుగు వ్యాకరణానికి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ రాసిన వివరణలో తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను పక్కపక్కన పెట్టి చూపించాడు. ఏదో ఒక్క మాట చూసి తెలుగు సంస్కృతంనుంచి పుట్టలేదని ఆయన అనలేదు. ధాతువులను వరుసగా సరిపోల్చి అన్నాడు.

నేటి గ్రీకు భాషలో నీళ్లను "నెరో" అంటారు. మన "నీరు" అక్కడికి వెళ్లిందని ఉత్సాహపడేవారున్నారు. ప్రాచీన గ్రీకులో నీటికి "హ్యూడోర్" అని వేరే మాట ఉంది. నెరో అనేది "తాజా" అనే విశేషణం. తాజా నీరు, తాజా నీరు అని అనగా అనగా విశేషణమే మిగిలింది, నీటి అసలు పేరు జారిపోయింది.

ఇలాంటి జంట మన వంటింట్లోనే ఉంది. చారుమతి పేరులోని "చారు" సంస్కృతం, అందమైన అని అర్థం. అన్నంలో పోసుకునే చారు మనది. తమిళుల "చాఱు", కన్నడిగుల "సారు" దాని అక్కచెల్లెళ్లు. కూతుర్ని "చారూ" అని పిలిచినప్పుడు వంటింట్లోంచి గిన్నె వస్తే, తప్పు పిలిచినవారిదీ కాదు, తెచ్చినవారిదీ కాదు.

సెలవు.