బస్సు ఉంటే సరిపోదు.. ఎక్కడికి చేరుస్తుందన్నదే అసలు లెక్క

తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. ఆంధ్రప్రదేశ్‌లో కూడా 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో ఇలాంటి పథకమే మొదలైంది. ఇంటి ఖర్చులో ఇది పెద్ద ఊరటే. మరి టికెట్ ఖర్చు పోయింది కాబట్టి కాలేజీ, ఆస్పత్రి, ఆఫీసు దగ్గరైపోయాయా?

నగర రవాణాపై పరిశోధన చేసేవారు ఈ ప్రశ్నను ఇంకోలా అడుగుతారు. మన బస్తీకి బస్సు వస్తుందా అని కాదు. ఇంటి నుంచి బయల్దేరితే ముప్పావు గంటలో ఎన్ని కాలేజీలకు, ఎన్ని ఆస్పత్రులకు, ఎన్ని ఉద్యోగాలకు చేరుకోగలం అని. దీన్నే యాక్సెసిబిలిటీ అంటారు. తెలుగులో చెప్పాలంటే అందుబాటు. 1959లో అమెరికాకు చెందిన వాల్టర్ హాన్సెన్ దీన్ని లెక్కగట్టే పద్ధతి చూపించారు. ఇప్పుడు బస్సుల టైంటేబుళ్లను కంప్యూటర్‌లో మ్యాపుతో కలిపి ఒక్కో ప్రాంతానికి ఈ లెక్క తీస్తున్నారు.

గడియారం చెప్పేది సగమే

ఈ పరిశోధనల్లో తరచూ కనిపించే విషయం ఒకటుంది. బస్సులో కూర్చున్న నిమిషం కంటే, స్టాపులో నిలబడ్డ నిమిషం, నడిచిన నిమిషం మనిషికి దాదాపు రెట్టింపు భారంగా అనిపిస్తాయి. ఉదాహరణకు ఒక అమ్మాయి స్టాపు దాకా 10 నిమిషాలు నడిచి, 15 నిమిషాలు ఎదురుచూసి, 30 నిమిషాలు బస్సులో వెళ్లిందనుకుందాం. గడియారం ప్రకారం 55 నిమిషాలు. ఆమెకు అనిపించేది మాత్రం 80 నిమిషాలు. మధ్యలో బస్సు మారాల్సి వస్తే ఇంకా ఎక్కువ.

డబ్బు లెక్క కూడా ఇంతే. బస్సు ఫ్రీ అయినా, స్టాపు దాకా షేర్ ఆటోకి పోను 20 రూపాయలు, రాను 20 రూపాయలు అవుతుందనుకుంటే, నెలకు 25 రోజులకు 1,000 రూపాయలు. కొన్ని ఇళ్లలో ఆడపిల్ల డిగ్రీలో చేరాలా, దూరవిద్యతో సరిపెట్టుకోవాలా అన్నది ఈ వెయ్యి దగ్గరే తేలుతుంది. చీకటి పడ్డాక బస్సు దొరుకుతుందా అన్న భయం దానికి తోడు.

ఆడవాళ్ల ప్రయాణం వేరు

స్పెయిన్‌కు చెందిన ప్లానర్ ఇనెస్ సాంచెజ్ దె మదరియాగా ఇంకో సంగతి ఎత్తిచూపారు. రవాణా ప్లానింగ్ ఎక్కువగా ఇల్లు-ఆఫీసు మధ్య రాకపోకలను చూసే జరుగుతుంది. ఆడవాళ్లు మాత్రం పిల్లల్ని స్కూల్లో దింపి, అత్తగారిని ఆస్పత్రిలో చూపించి, కూరగాయలు, మందులు కొనుక్కుని ఇంటికి వస్తారు. ఒకే పూటలో మూడు నాలుగు చిన్న ప్రయాణాలు. ఇవి లెక్కలోకి రాకపోతే మధ్యాహ్నం పూట బస్సులు, బస్తీల మధ్య అడ్డంగా తిరిగే రూట్లు తగ్గిపోతాయి.

పాతబస్తీ సంగతి

హైదరాబాద్ మెట్రో 2017 నవంబర్‌లో మొదలైంది. జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ లైను 2020 ఫిబ్రవరిలో తెరుచుకుంది. మొదటి ప్లాన్‌లో ఆ లైను ఫలక్‌నుమా దాకా వెళ్లాలి. కానీ మూసీ ఒడ్డునే ఆగిపోయింది. ఆ మిగిలిన భాగానికి 2024 మార్చిలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. తర్వాత దాన్ని చాంద్రాయణగుట్ట దాకా, సుమారు 7.5 కిలోమీటర్లుగా ప్లాన్ చేశారు. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, శాలిబండ, అలియాబాద్ మీదుగా ఈ దారి ఉంటుంది. రోడ్డు వెడల్పులో ఆస్తులు కోల్పోయేవారికి 2025 జనవరిలో పరిహారం చెక్కుల పంపిణీ మొదలైంది.

లైను వస్తే మేలే. కానీ స్టేషన్ చార్మినార్ పేరుతో ఉంటే చాలదు. లోపలి గల్లీల నుంచి అక్కడిదాకా నడిచే ఫుట్‌పాత్ ఉందా, చిన్న బస్సు వస్తుందా అన్నదాన్ని బట్టే అందుబాటు పెరుగుతుంది. పైగా బస్సులో ఉన్న ఉచితం మెట్రోలో లేదు.

వీల్‌చైర్‌లో ఉన్నవారికి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి ఎత్తైన బస్సు మెట్టే పెద్ద గోడ. 2016 వికలాంగుల హక్కుల చట్టం 41వ సెక్షన్ బస్టాపులు, స్టేషన్లు, టికెట్ కౌంటర్లు అందరూ వాడుకునేలా ఉండాలంటుంది. ఈ విషయంలో కచ్చితంగా పాటించాల్సిన ప్రమాణాలు తేవాలని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది.

కాబట్టి కొత్త రూటు, కొత్త లైను అని నాయకులు ప్రకటించినప్పుడు మొహల్లా కమిటీలు అడగాల్సినవి ఇవి: మా బస్తీ నుంచి పెద్దాస్పత్రికి, డిగ్రీ కాలేజీకి ఎన్ని నిమిషాలు? ఎన్నిసార్లు మారాలి? ఆటోతో కలిపి నెలకు ఎంత ఖర్చు? ఆఖరి బస్సు ఎన్నింటికి? వీల్‌చైర్ ఎక్కుతుందా? ఈ ఐదింటినీ కాగితం మీద రాసి, డిపో మేనేజర్‌కో కార్పొరేటర్‌కో ఇచ్చి, జవాబు కూడా కాగితం మీదే అడగాలి.