తాళం వేసిన ఇల్లు, ఇంజిన్ ఆపని కారు

దొంగతనం జరగాలంటే మూడు కలిసిరావాలి: దొంగ, సులువుగా చేతికందే వస్తువు, కనిపెట్టుకుని ఉండేవాళ్లు లేని సమయం. 1979లో లారెన్స్ కోహెన్, మార్కస్ ఫెల్సన్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్తలు ఈ సూత్రాన్ని ప్రతిపాదించారు. కువైట్‌లోని సబ్హాన్ పరిసరాలు చూస్తే ఈ మూడింటిలో చివరిదే అసలైనదనిపిస్తుంది. ముబారక్ అల్ కబీర్ గవర్నరేట్‌లోని ఈ ప్రాంతం ప్రధానంగా ఫ్యాక్టరీలది, గోదాములది. పని వేళల్లో లారీలతో నిండే వీధులు రాత్రిపూట, శుక్ర, శనివారాల సెలవుల్లో ఖాళీ అవుతాయి. చుట్టుపక్కల నివాస ప్రాంతాలకు ఆ ఖాళీ వేసవిలో వస్తుంది. ఎండలు ముదిరాక చాలా కుటుంబాలు విదేశాలకు వెళ్తాయి. తెలుగువాళ్లు సెలవు దొరికితే కడపకో రాజంపేటకో బయలుదేరతారు.

కార్ల విషయంలో ఎండే దొంగకు తోడవుతుంది. 2016 జులై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. అలాంటి వేడిలో ఏసీ ఆగకూడదని ఇంజిన్ ఆపకుండా కారు బయట వదిలి, రెండు నిమిషాల పనికి బకాలాలోకి, అంటే కిరాణా కొట్టులోకి, వెళ్లడం తేలిక. ఆ రెండు నిమిషాలూ కారులోని భద్రతా ఏర్పాట్లేవీ అక్కరకు రావు.

ఆ ఏర్పాట్లలో గట్టిది ఇమ్మొబిలైజర్. తాళంచెవిలోని చిప్ పంపే కోడ్‌ను కారు గుర్తిస్తేనే ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. జర్మనీ 1998 నుంచి కొత్త కార్లకు దీన్ని తప్పనిసరి చేసింది. అమెరికాలో అలాంటి నిబంధన లేదు. అందుకే అక్కడ 2011–2021 మధ్య తయారైన చాలా హ్యుందాయ్, కియా కార్లు ఇది లేకుండానే అమ్ముడయ్యాయి. యూఎస్‌బీ కేబుల్‌తో వాటిని స్టార్ట్ చేసే పద్ధతి టిక్‌టాక్‌లో పాకి, 2022లో దొంగతనాలు విపరీతంగా పెరిగాయి. బటన్‌తో స్టార్ట్ అయ్యే కార్లకు ఇంకో బెడద ఉంది. ఇంట్లో ఉన్న తాళంచెవి సిగ్నల్‌ను పరికరాలతో అందుకుని, బయటి కారు దాకా చేరవేస్తారు. మూత బిగుతుగా ఉన్న లోహపు డబ్బాలో తాళంచెవి ఉంచితే సిగ్నల్ చాలావరకు ఆగుతుంది. పాతకాలపు స్టీరింగ్ లాక్‌నూ తీసిపారేయనక్కర్లేదు. అది అద్దంలోంచి కనబడటమే సగం కాపలా. హౌస్ డ్రైవర్ల చేతులు మారే కార్లలో ఒక తాళంచెవి పోయినా, పాత కోడ్ రద్దు చేయించి కొత్తది వేయించుకోవాలి.

ఇళ్ల దొంగతనాలపై నేర్చుకోదగ్గ అనుభవం ఇంగ్లండ్‌లోని రాచ్‌డేల్ పట్టణంలో ఉంది. అక్కడి కిర్క్‌హోల్ట్ కాలనీలో ఒకసారి దొంగతనం జరిగిన ఇంటికే దొంగలు మళ్లీ వస్తున్నారని 1980లలో గమనించారు. నాణేలు వేస్తే నడిచే కరెంటు, గ్యాస్ మీటర్లే వాళ్లకు ఎర. ఆ మీటర్లు తీసేశారు, తలుపులు పటిష్ఠం చేశారు, నష్టపోయిన ఇంటిని చుట్టుపక్కల ఇళ్లవాళ్లు కనిపెట్టేలా ఏర్పాటు చేశారు. మూడేళ్లలో దొంగతనాలు దాదాపు నాలుగో వంతుకు పడిపోయాయి. దొంగ పడిన ఇంట్లో విరిగిన గడియను వారాల తరబడి అలాగే వదిలేయడం ఎంత తప్పో దీన్ని బట్టి తెలుస్తుంది.

కువైట్ అపార్ట్‌మెంట్లలో ఈ కాపలా పని హారిస్‌ది, అంటే భవనం వాచ్‌మన్‌ది. ఫ్లాట్ ఎన్నాళ్లు ఖాళీగా ఉంటుందో అతనికీ, నమ్మకమైన పొరుగింటికీ చెబితే చాలు. ప్రయాణం సంగతి ఫేస్‌బుక్‌లో పెట్టనవసరం లేదు. తలుపు దగ్గర కరపత్రాలు పేరుకోకుండా ఎవరైనా తీయాలి. నలుగురైదుగురు పంచుకునే గదుల్లో బంగారం, నగదు, పాస్‌పోర్టు పెట్టెలో దాచి చిన్న తాళం వేయడం తాళం లేనట్టే. బంగారానికి బ్యాంకు లాకరే దారి. కెమెరా పెట్టుకున్నా అది సొంత గుమ్మం వైపే చూడాలి, ఎదుటివాళ్ల కిటికీ వైపు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఊరెళ్లేవాళ్ల కోసం పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటు తెచ్చారు. యాప్‌లో నమోదు చేసుకుంటే, తాళం వేసిన ఇంట్లో కదలికలు పసిగట్టే కెమెరా అమరుస్తారు. కువైట్‌లో ఉంటూ సొంతూళ్లో ఇల్లు మూసివచ్చిన కుటుంబాలు దీని గురించి బంధువులతో వాకబు చేయించడం మంచిది.

ఇంటి తాళం పగిలినట్టు కనబడితే లోపలికి వెళ్లకూడదు; దొంగ ఇంకా ఉండొచ్చు, వేలిముద్రలు చెరిగిపోవచ్చు. కువైట్‌లో 112కి ఫోన్ చేయాలి. కారు పోతే నంబర్ ప్లేటు ఒక్కటే చాలదు, దాన్ని మార్చడం తేలిక. 17 అక్షరాల, అంకెల ఛాసిస్ నంబర్‌ను ఫోన్‌లో ముందే ఫోటో తీసి ఉంచుకుంటే ఫిర్యాదు సమయంలో కాగితాల కోసం వెతుక్కోనక్కర్లేదు.