వార్తల్లో పదం: ట్రైకోటిల్లోమేనియా

తల వెండ్రుకలనో, కనుబొమలనో తన చేతితో తానే పెరికివేసికొనుచు, మానవలెనని ఎంత సంకల్పించినను మానలేని మానసిక రుగ్మతకు 1889లో ఫ్రెంచి చర్మవైద్యుడు ఆలోపో పెట్టిన పేరిది.

సాధారణముగా వ్రాయు ఎస్‌ఎస్‌ఆర్‌ఐ తరగతి కుంగుబాటు మందులు వికారమును, నిద్రలేమిని కలిగించి సరిపడకున్నను రోగి నిరాశ పడనక్కరలేదు. ఏలయన ఈ వ్యాధియందు వాని ప్రయోజనమే స్వల్పమని పరీక్షలు తెలిపినవి. ప్రథమ చికిత్స అలవాటు మార్పిడి శిక్షణ: చేయి తలవైపు పోవుచున్నదని గుర్తించిన క్షణముననే పిడికిలి బిగించి, కోరిక చల్లారువరకు అట్లే నిలుపుట. ఔషధములలో, 2009లో 50 మంది వయోజనులపై 12 వారములు జరిగిన పరీక్షయందు ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ వాడినవారిలో 56 శాతమునకు, ఉత్తుత్తి మాత్రలవారిలో 16 శాతమునకే మేలు కలిగెను. పిల్లలయందు మాత్రము ఆ ఫలితము కానరాలేదు.

ఏ మందునైనను హఠాత్తుగా మానక, వైద్యుని సలహాతో క్రమముగా తగ్గించుకొనవలెను. వెండ్రుకలు పెరికికొను బిడ్డను మందలించు పెద్దలు మొదట గ్రహింపవలసినది, ఇది చికిత్సకు లొంగు వ్యాధి యని.