"బిడ్డ ఉమ్మనీరు తాగేసింది" అంటే అసలు ఏమైనట్టు?

మన పామిడి వైపు కాన్పు జరిగిన ఇళ్లల్లో ఈ మాట వింటూనే ఉంటాం: "బిడ్డ ఉమ్మనీరు తాగేసిందంట, పెట్టెలో పెట్టినారంట." లోపల ఏం జరిగిందో మాత్రం ఎవరూ విడమరిచి చెప్పరు. ఈ ఎపిసోడ్‌లో అదే చూద్దాం. నేను డాక్టర్‌ని కాదు, బీటెక్ చదివినవాణ్ణి. అందుకే మందుల జోలికి పోను, ఏది ఎలా పనిచేస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నదే చెప్తాను.

ముందుగా ఒక విషయం. ఉమ్మనీరు తాగడం తప్పు కాదు. కడుపులో ప్రతి బిడ్డా ఆ నీళ్లు మింగుతుంది, మూత్రంగా వదులుతుంది. ఆ నీళ్లలో మలం కలిసి, అది ఊపిరితిత్తుల్లోకి పోతేనే ప్రమాదం. పుట్టాక మొదటి ఒకటి రెండు రోజులు బిడ్డ నల్లగా, జిగటగా వెళ్తుంది చూడండి, అదే ఆ మలం. డాక్టర్లు మెకోనియం అంటారు.

కడుపులోనే ఎందుకు పోతుంది? నెలలు నిండి, డేట్ దాటేకొద్దీ పేగులు పక్వానికొచ్చి దానంతట అదే పోవచ్చు. లేదా మాయ నుంచి ఆక్సిజన్ తగ్గితే బిడ్డకి ఒత్తిడి కలిగి పోవచ్చు. ఊపిరాడని బిడ్డ గట్టిగా ఎగశ్వాస తీస్తుంది, ఆ మలం లోపలికి దిగుతుంది. సుమారు 100 కాన్పుల్లో 10 నుంచి 15 వాటిలో ఉమ్మనీరు ఇలా రంగు మారుతుంది. అలాంటి 100 మంది బిడ్డల్లో జబ్బు పడేది దాదాపు 5 మందే. కాబట్టి నీళ్లు పచ్చగా ఉన్నాయనగానే గుండెలు బాదుకోవద్దు, అలాగని తేలిగ్గానూ తీసుకోవద్దు.

లోపల జరిగే నష్టం నాలుగు రకాలు.

ఒకటి, అడ్డు. ఉప్పు పట్టిన డ్రిప్పు పైపులాగా గాలిగొట్టం పూర్తిగా మూసుకుపోతే దాని వెనక భాగం ముడుచుకుపోతుంది. సగం మూసుకుంటే ఇంకో చిక్కు. మోటారు ఫుట్ వాల్వ్ నీళ్లని పైకి రానిచ్చి వెనక్కి పోనివ్వదు కదా, అలాగే గాలి లోపలికి పోతుంది, బయటికి రాదు. ఉబ్బి ఉబ్బి ఒక్కోసారి ఊపిరితిత్తి చిల్లు పడుతుంది.

రెండు, మంట. మెకోనియంలో పైత్యరసం లవణాలు, ఎంజైములు ఉంటాయి. కొన్ని గంటల్లోనే లోపలి పొర వాచిపోతుంది.

మూడు, సర్ఫాక్టెంట్ పాడవడం. గాలి సంచులు అతుక్కుపోకుండా కాపాడే సబ్బులాంటి పొర అది. మెకోనియం దాన్ని పనిచేయనివ్వదు.

నాలుగు, అన్నిటికంటే ప్రమాదం. పుట్టగానే తెరుచుకోవాల్సిన ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుసుకునే ఉంటాయి. రక్తం ఆక్సిజన్ అందుకోకుండా పక్కదారిన వెళ్లిపోతుంది. బిడ్డ నీలంగా మారుతుంది.

మరి పుట్టగానే గొట్టం వేసి లాగేస్తే సరిపోదా? ఒకప్పుడు అలాగే చేసేవారు. తల బయటికి రాగానే నోరు, ముక్కు లాగడం వల్ల ఉపయోగం లేదని 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పెద్ద పరిశోధన తేల్చింది. చురుగ్గా లేని బిడ్డలకి కూడా గొంతులో గొట్టం వేసి లాగడం వల్ల లాభం కనబడలేదని 2015లో పుదుచ్చేరి జిప్‌మర్ డాక్టర్లు ప్రచురించారు. ఇప్పుడు మొదటి నిమిషంలో ఊపిరి అందించడమే ముఖ్యం. ఆ తర్వాత అవసరాన్ని బట్టి ఆక్సిజన్, సీపాప్, వెంటిలేటర్.

మనం చేయగలిగింది ఏంటి? డేట్ దాటినా మంచి ముహూర్తం కోసం ఆగుదాం అనుకోవద్దు, డాక్టర్ చెప్పిన రోజే వెళ్లండి. బిడ్డ కదలికలు తగ్గినా, ఉమ్మనీరు పచ్చగా కనబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి. పామిడి నుంచి అనంతపురం పెద్దాసుపత్రికి దాదాపు 30 కిలోమీటర్లు. పుట్టిన బిడ్డల ప్రత్యేక వార్డు అక్కడుంది. పుట్టాక దాకా ఆగి బయల్దేరడం కంటే, బిడ్డ కడుపులో ఉండగానే అక్కడికి చేరడం మేలు.

పుట్టిన బిడ్డ నిమిషానికి 60 కంటే ఎక్కువసార్లు ఊపిరి తీస్తున్నా, మూలుగుతున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పెదాలు నీలంగా ఉన్నా అది "ఏడ్చి అలిసిపోవడం" కాదు. తలకిందులుగా పట్టుకుని కొట్టడం, ముక్కులో నూనె పోయడం అస్సలు వద్దు.

ఇంట్లో నెలలు నిండినవాళ్లుంటే ఈ ఎపిసోడ్ వాళ్ల అత్తగారికి, అమ్మగారికి కూడా వినిపించండి. చాలా ఇళ్లల్లో ఎప్పుడు బయల్దేరాలో నిర్ణయించేది వాళ్లే. ఉంటానండీ.