ఆంగ్ల క్రియల వంశవృక్షము

ఆంగ్లభాషను అభ్యసించు విద్యార్థికి ఒక సందేహము తరచుగా కలుగుచుండును. ‘అడుగుట’ అను ఒక్క అర్థమునకు ‘ఆస్క్’ అనియు, ‘క్వెశ్చన్’ అనియు, ‘ఇంటరాగేట్’ అనియు మూడు క్రియలేల? ఒక్కటి చాలదా? ఈ ప్రశ్నకు సమాధానము ఆ దేశచరిత్రలో కలదు.

క్రీ. శ. 5వ శతాబ్దమున ఆంగ్లులు, సాక్సనులు మున్నగు జాతులవారు ఉత్తర ఐరోపా తీరములనుండి బ్రిటనుకు వలసవచ్చిరి. ‘ఆస్క్’ వారి మాట. 1066లో నార్మండీ ప్రభువగు విలియము ఇంగ్లండును జయించెను. అటుపిమ్మట చిరకాలము రాజసభలోను, న్యాయస్థానములలోను ఫ్రెంచిభాషయే చెల్లెను. న్యాయస్థానములలో వాదములు ఆంగ్లముననే జరుగవలెనని 1362లో శాసనము చేయవలసివచ్చెను. అప్పటికే పెక్కు ఫ్రెంచి పదములు ప్రజల భాషలో కలిసిపోయినవి. ‘క్వెశ్చన్’ ఫ్రెంచినుండి వచ్చినదే. పండితులు లాటిన్ గ్రంథములనుండియు మాటలను గ్రహించిరి, ‘ఇంటరాగేట్’ అట్టిది.

కావుననే ఈ మూడింటికిని భేదము కలదు. ‘ఆస్క్’ ఇంటిలో వాడు మాట. ‘క్వెశ్చన్’ అనుమానముతో అడుగుట. ‘ఇంటరాగేట్’ రక్షకభటుడు నిందితుని గుచ్చి గుచ్చి అడుగుట. తెలుగునను ఇట్టి భేదము లేకపోలేదు. ‘అడుగు’ దేశ్యము, ‘ప్రశ్నించు’ సంస్కృతశబ్దమునుండి ఏర్పడినది. బాలుడు తల్లిని అన్నము అడుగునేగాని ప్రశ్నింపడు.

లాటిన్‌నుండి వచ్చిన క్రియలను నేర్చుటకు ధాతువును, ఉపసర్గను విడదీసి చూచుట మంచి ఉపాయము. సంస్కృతమున ‘హృ’ ధాతువునకు ఉపసర్గలు చేరి ఆహారము, విహారము, సంహారము అను పదములు ఏర్పడినవి. అట్లే ‘మోయుట’ అను అర్థముగల ‘ఫెర్’ అను లాటిన్ ధాతువునుండి అనేక క్రియలు పుట్టినవి. ఆవలికి మోసికొనిపోవుట ‘ట్రాన్స్‌ఫర్’. వెనుకకు కొనిపోవుట ‘రిఫర్’. ఒకదానిని ముందుంచుట ‘ప్రిఫర్’. క్రిందనుండి భారము మోయుట ‘సఫర్’, అనగా బాధపడుట.

మరియొక విశేషము. సంస్కృతమున ‘భృ’, లాటినున ‘ఫెర్’, ఆంగ్లమున ‘బేర్’ ఏకమూలమునుండి పుట్టినవి. ‘భ్రాతృ’, ‘ఫ్రాతెర్’, ‘బ్రదర్’ అను పదములలోను ఇదే వరుస కానవచ్చును. సంస్కృతము, గ్రీకు, లాటిన్ భాషలు ఒకే మూలమునుండి పుట్టియుండవలెనని సర్ విలియం జోన్సు 1786లో కలకత్తాలో ప్రకటించెను. తెలుగు ద్రావిడభాష గనుక ఆ కుటుంబమునకు చెందదు. అయినను ‘భరించు’ అను మాటకు మూలము ఆ ‘భృ’ ధాతువే. బరువు మోయుట, బాధ సహించుట అను రెండర్థములును ‘భరించు’ క్రియకు గలవు. ‘బేర్’ క్రియకును గలవు.

అయితే పోలికనుమాత్రము నమ్మి మోసపోరాదు. ‘ఇంటర్‌ఫియర్’ అను క్రియలో ‘ఫెర్’ ఉన్నట్లే తోచును. కాని దాని మూలము ‘కొట్టుట’ అను అర్థముగల వేరొక లాటిన్ ధాతువు. మంచి నిఘంటువును చూచినగాని ఇట్టి రహస్యము తెలియదు. మూలము తెలిసిన పదము మనసున చక్కగా నాటుకొనును. దానిని ఎచ్చట వాడవలెనో మంచి వాక్యములు చదివిననే తెలియును. ఈ రెండును కలిసినప్పుడే పరభాష వశమగును.