ఎవరి దగ్గరైనా చాకు ఉందా?

మొన్న వైశాఖంలో మా పిన్ని మనవరాలి పెళ్ళి. జీలకర్రా బెల్లం అయింది, మూడు ముళ్ళూ పడ్డాయి, ఇక తలంబ్రాలు. ఇప్పుడు బియ్యంతో పాటు ముత్యాలనీ, రంగు పూసలనీ, థర్మాకోల్ ఉండలనీ ఏవేవో ప్లాస్టిక్ ప్యాకెట్లలో వస్తున్నాయి కదా. ఆ ప్యాకెట్ పెళ్ళికూతురి మేనత్త చేతిలో ఉంది. ఆ చేతులకేమో పసుపూ, నెయ్యీ. ఎంత లాగినా జారుతోందే తప్ప చిరగడం లేదు. ఆవిడ అలవాటుకొద్దీ దాన్ని నోటిదాకా తీసుకెళ్ళింది. పంతులుగారు మంత్రం ఆపకుండానే కళ్ళెర్రజేశారు. తలంబ్రాలు ఎంగిలి చేస్తారటమ్మా!

నెత్తిమీద డ్రోన్ తిరుగుతోంది. మండపానికి రెండువైపులా ఎల్ఈడీ తెరలు. బయట పొగమంచు కక్కే యంత్రం కూడా ఉంది. ప్యాకెట్ మూతి కత్తిరించడానికి మాత్రం అంత మందిలో ఒక్కరి దగ్గరా ఏమీ లేదు. అప్పుడు వినబడింది: “ఎవరి దగ్గరైనా చాకు ఉందా?”

నిజం చెప్పొద్దూ, ఆ మాట కోసం నేను ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా చెవులు రిక్కించుకునే ఉంటాను. పట్టుపంచె కట్టినా లోపల జేబున్న నిక్కరు వేసుకునేది అందుకే. ఎర్ర చాకు తీసి, చిన్న కత్తెర విప్పి, ప్యాకెట్ కొస కత్తిరించి ఇచ్చేసరికి పట్టుమని పది సెకన్లు. మా ఆవిడ పక్కనున్నావిడతో అంటోంది: “ఆయన తాళాలైనా మర్చిపోతారు గానీ అది మర్చిపోరండీ.”

అది స్విస్ చాకు. మడిస్తే 91 మిల్లీమీటర్లు, బొటనవేలంత మందం. కంపెనీవాళ్ళ లెక్కలో పదిహేను పనులు చేస్తుంది. నా లెక్కలో ఆరు. పెద్ద బ్లేడు, కత్తెర, స్క్రూడ్రైవర్, దబ్బనంలాంటి బెజ్జాల సూది, శ్రావణం, కార్క్‌స్క్రూ. చివరిదాని పేరు చూసి అపార్థం చేసుకోకండి. మా ఇంట్లో బిరడా ఉన్న సీసా ఒకటే, ఆముదానిది. ఆ మెలికల ఇనుము నాకు పనికొచ్చేది ముడులు విప్పడానికి. బస్సు టాప్ మీద సామాను కట్టిన ప్లాస్టిక్ తాడు వానకు తడిసి బిగుసుకుపోతే గోళ్ళు విరుగుతాయే గానీ ముడి రాదు. కార్క్‌స్క్రూ మొనను ముడి మధ్యలోకి గుచ్చి మెల్లగా తిప్పితే తాడు దానంతటదే వదులవుతుంది. తాడూ దక్కుతుంది. మన ఇళ్ళలో తాడు కోసేస్తే పెద్దవాళ్ళు ఊరుకోరు కదా.

బియ్యం బస్తా సంగతీ అంతే. పాతిక కిలోల సంచి మూతికి వేసే కుట్టు గొలుసు కుట్టు. సరైన కొస దొరికి లాగారా, సర్రున మొత్తం ఊడి వస్తుంది. తప్పు కొస పట్టుకుంటే లాగేకొద్దీ బిగుస్తుంది. అది తెలియక కత్తిపీటతో సంచి మూతే కోసేసి, నాలుగు గుప్పిళ్ళ బియ్యం నేలపాలు చేసే ఇళ్ళు నాకు తెలుసు. బెజ్జాల సూదితో మొదటి ముడిని పైకెత్తితే చాలు. ఆ సూదే, నాకు షుగర్ వచ్చి తిండి తగ్గించాక, బెల్టుకు మూడు కొత్త బెజ్జాలు పెట్టింది. మూడో బెజ్జం పెట్టిన రోజు డాక్టరు కంటే నేనే ఎక్కువ సంతోషించాను.

ఈ చాకు పుట్టుక మాత్రం పెళ్ళి పందిట్లోది కాదు, తుపాకీ పక్కన. 1880ల చివర్లో స్విస్ సైన్యం ష్మిట్-రూబిన్ అనే కొత్త రైఫిల్‌కు మారింది. దాన్ని విప్పి శుభ్రం చేయడానికి స్క్రూడ్రైవర్ కావాలి. డబ్బా తిండి తెరవడానికి ఓపెనర్ కావాలి. రెండూ వేరువేరుగా మోయడమెందుకని, బ్లేడు, బెజ్జాల సూది కూడా చేర్చి నాలుగూ ఒకే పిడిలో మడిచే చాకును సైన్యం కోరింది. నల్లటి ఓక్ చెక్క పిడి. తమాషా ఏమిటంటే, అంత పెద్ద సంఖ్యలో చేయగల కార్ఖానా అప్పటికి స్విట్జర్లాండ్‌లో లేదు. మొదటి విడత చాకులు జర్మనీలోని జోలింగెన్ పట్టణంలో తయారయ్యాయి. స్విస్ సైనికుడి జేబులో జర్మన్ చాకు!

అది ఒక కత్తుల పనివాడికి గుచ్చుకుంది. ష్విట్స్ ప్రాంతంలోని ఇబాఖ్ ఊళ్ళో 1884లో కత్తుల కొలిమి పెట్టుకున్న కార్ల్ ఎల్సెనర్ అతను. తోటి పనివాళ్ళను కూడగట్టి, 1891లో సైన్యానికి చాకులు అందించడం మొదలుపెట్టాడు. జర్మనీ కార్ఖానాల ధరతో పోటీపడలేక సంఘంలోని వాళ్ళు ఒక్కొక్కరే తప్పుకున్నారు. ఎల్సెనర్ ఒక్కడూ పట్టు వదలక దివాలా అంచుదాకా వెళ్ళాడు. బంధువులు ఆదుకోకపోతే ఈ కథ అక్కడితో సరి.

ఇక అతని తెలివి చూడండి. మడత చాకులో ప్రతి పనిముట్టునూ వెనక నుంచి ఒక ఉక్కు బద్ద నొక్కి పడుతుంది. విప్పినా, మడిచినా ఆ ‘టక్’మనే చప్పుడు దానిదే. పనిముట్టుకో బద్ద పెడితే చాకు ఇటుకంత లావవుతుంది. ఎల్సెనర్ ఒకే బద్ద చేత రెండు వైపులా పని చేయించాడు. ముందువైపు బ్లేడును పట్టుకునేదే వెనకవైపు కార్క్‌స్క్రూనూ పట్టుకుంటుంది. ఆ పద్ధతిలో చేసిన ‘ఆఫీసర్ల చాకు’ను 1897 జూన్ 12న నమోదు చేయించాడు. అధికారులకు దాన్ని సైన్యం ఇవ్వలేదు, ఎవరి డబ్బుతో వాళ్ళు కొనుక్కున్నారు. సైనికుడికిచ్చే చాకులో కార్క్‌స్క్రూ అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఏమాటకామాటే, ఆ తేడా ఏ సైన్యంలోనైనా ఉండేదే.

1909లో తల్లి పోతే ఆమె పేరు ‘విక్టోరియా’నే ఎల్సెనర్ తన సరుకుకు పెట్టుకున్నాడు. 1921లో తుప్పు పట్టని ఉక్కు వచ్చాక, దానికి వాడుకలో ఉన్న ‘ఇనాక్స్’ అనే మాట చేరి విక్టోరినాక్స్ అయింది. దేశంలో ఫ్రెంచి మాట్లాడే భాగంలో వెంగర్ అనే మరో కంపెనీ ఉండేది. 1908 నుంచి ప్రభుత్వం ఇద్దరికీ చెరిసగం ఆర్డరు ఇచ్చి గొడవ లేకుండా చూసింది. 2005లో పెద్దది చిన్నదాన్ని కొనేసింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికన్ సైనికులు ఈ చాకులు తెగ కొనుక్కుని ఇళ్ళకు పట్టుకెళ్ళారు. నోరు తిరగని జర్మన్ పేరు పలకలేక వాళ్ళు పెట్టిన పేరే ‘స్విస్ ఆర్మీ నైఫ్’.

నాకు అన్నిటికంటే నచ్చే విషయం ఉక్కు గట్టిదనం. చూడ్డానికి అన్నీ ఒకే ఉక్కులా మెరుస్తాయి గానీ ఒక్కోదానికి ఒక్కో పాకం. రాక్‌వెల్ కొలతలో బ్లేడు 56. కత్తెర, రంపం 53. స్క్రూడ్రైవర్లు, ఓపెనర్లు 52. వెనక బద్ద, కార్క్‌స్క్రూ 49. పదును నిలవాలంటే గట్టిగా ఉండాలి. రోజూ వంగి లేవాల్సిన బద్ద అంత గట్టిగా ఉంటే ఫట్‌మని విరుగుతుంది. మా ఊరి కమ్మరి కొడవలిని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచేటప్పుడు రంగు చూసి చేసే నిర్ణయం ఇదే. అతను అంకె చెప్పడు, అంతే తేడా.

ఇందులో ఏ ఒక్కటీ దాని జాతిలో గొప్పది కాదని కూడా చెప్పాలి. కత్తెర దర్జీ నవ్వేంత చిన్నది. స్క్రూడ్రైవర్ ఎలక్ట్రీషియన్‌కు ఆనదు. బ్లేడు తెరిచాక బిగుసుకునే ఏర్పాటు లేదు, అజాగ్రత్తగా నొక్కితే వేళ్ళ మీదికే మడుచుకుంటుంది. కొబ్బరి చిప్పలోంచి ముక్క తీయబోయి నా చూపుడువేలికి తెచ్చుకున్న గీత ఇప్పటికీ ఉంది. మంచి స్క్రూడ్రైవర్ ఇంట్లో సొరుగులో ఉంటుంది. కానీ కళ్ళజోడు మర ఊడిపోయేది రైల్లో. సొరుగు రైలెక్కదు.

అందుకే పనిముట్ల సంఖ్య పెంచుకుంటూ పోయేవాళ్ళంటే నాకు గురి లేదు. స్విస్ చాంప్ అనే మోడల్‌లో 33 పనులు. దాన్ని న్యూయార్క్ మోమా మ్యూజియం తన సేకరణలో పెట్టుకుంది, సంతోషం. వెంగర్ వాళ్ళు ఒకసారి 87 పనిముట్లతో ఒక రాక్షసిని తయారుచేశారు. బరువు కిలో పైనే. అది చాకు కాదు, బోనాల ఊరేగింపులో పోతరాజు మోయాల్సిన సరుకు.

తన జేబు చాకులో పట్టకారు లేదన్న ఒక్క లోటును మాత్రం టిమ్ లెదర్‌మన్ అనే అమెరికన్ ఇంజినీరు పట్టుకున్నాడు. 1975లో భార్యతో కలిసి పాత ఫియట్ కారులో యూరప్ తిరుగుతుంటే, మొరాయించే కారుకూ హోటల్ గదుల్లో కారే పైపులకూ జేబులోని చాకు చాలలేదు. పట్టకారు కేంద్రంగా మడిచే పనిముట్టు ఒకటి గీసుకున్నాడు. దాన్ని కొనేవాడు దొరికేసరికి 1983 వచ్చింది. వైరింగ్ పనివాళ్ళూ, బైకుల మీద లడఖ్ వెళ్ళే కుర్రాళ్ళూ ఇష్టపడేది దాన్నే. నాకు మాత్రం అది నడుముకు కట్టుకునే వస్తువు. జేబు వస్తువు కాదు.

జేబు చాకు సంగతికొస్తే, 1995 నవంబరులో అమెరికా వ్యోమనౌక రష్యా మిర్ కేంద్రానికి వెళ్ళి అతుక్కుంది. లోపలికి వెళ్ళే తలుపును కింద నేలమీద రష్యన్లు మరీ జాగ్రత్తగా కట్టి పంపారు. కెనడా వ్యోమగామి క్రిస్ హ్యాడ్‌ఫీల్డ్ ఆ కట్లు తెంచుకుని లోపలికి వెళ్ళింది స్విస్ చాకుతోనే. ఇది చదివినప్పుడు నాకు తలంబ్రాల ప్యాకెట్టే గుర్తొచ్చింది. అన్నీ ఉంటాయి, విప్పేది ఉండదు.

ఆకాశంలోకి వెళ్ళిన ఆ చాకు ఇప్పుడు మన జేబులో విమానమెక్కదు. 2001 సెప్టెంబరు తర్వాత విమానాశ్రయాల దుకాణాల్లో అమ్మకాలు ఆగిపోయి కంపెనీ కుదేలైంది. అయినా పనివాళ్ళను తీసేయలేదు, కొందరిని చుట్టుపక్కల కంపెనీలకు కొన్నాళ్ళు అరువిచ్చి నెట్టుకొచ్చింది. 2013లో అమెరికా చిన్న చాకులను అనుమతిస్తామని మార్చిలో ప్రకటించి, విమాన సిబ్బంది గోలతో జూన్‌లో వెనక్కి తీసుకుంది.

నా మొదటి చాకు పోయిందీ అలాగే. మా మేనమామ విదేశం నుంచి తెచ్చిచ్చింది, పదకొండేళ్ళు నా జేబులో అరిగింది. ఒక తెల్లవారుజాము హడావిడిలో పెట్టెలో వేయడం మరిచి జేబులోనే ఉంచుకున్నాను. ట్రేలోంచి తీసి ఆ కుర్రాడు మర్యాదగానే అడిగాడు: “వెనక్కెళ్ళి ఎవరికైనా ఇచ్చొస్తారా సార్, ఇక్కడ వదిలేస్తారా?” బోర్డింగ్‌కు పన్నెండు నిమిషాలుంది. పక్కనున్న గాజు డబ్బాలో గోళ్ళ కత్తెరలూ, సిగరెట్ లైటర్లూ, ఒక పాత మంగలి కత్తీ. దాని మీద పడ్డప్పుడు నా చాకు చేసిన చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది. తర్వాత నాలుగు నెలలు జేబు తడుముకుంటూనే ఉన్నాను.

చట్టం సంగతి అడుగుతారు కొందరు. మన ఆయుధ నిబంధనల్లో లెక్క తొమ్మిది అంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు. అది దాటితే తంటా, అదీ ఇంటి పనికీ సేద్యానికీ వాడేవి మినహాయించి. నా బ్లేడు మూడంగుళాలు కూడా లేదు. బ్రిటన్‌లో అయితే మడిచేదై, బిగుసుకోనిదై, మూడంగుళాల లోపుంటే జేబులో ఉంచుకోవచ్చు. లండన్‌లో ఉన్న మా అక్క కొడుక్కి స్విస్ చాకు కొనిచ్చే ముందు ఆ మూడో అంగుళం దాకా కొలిచి మరీ కొన్నాను.

టార్చి, గడియారం, కెమెరా, క్యాలిక్యులేటర్, రేడియో, పాకెట్ డైరీ... నా చొక్కా జేబు, బల్ల సొరుగు రెండూ ఖాళీ చేసింది ఫోన్. ఈ ఒక్కదాన్నీ మింగలేకపోయింది. ఫోనుకు అంచు లేదు కదా. పైగా ఫోన్ ఎవరినైనా ఒక్క నిమిషం ఇమ్మంటే మనసొప్పదు. చాకు పిడి అటువైపు తిప్పి ఇచ్చేస్తాం. నేను నా కోసం దాన్ని తీసేది తక్కువ. పక్క బెర్తు ఆవిడ మామిడికాయ, వాచ్‌మన్ చార్జరు ప్లగ్గు, స్వీటు డబ్బా పురికొస. అడిగినవాళ్ళు తిరిగి ఇచ్చేదాకా నా కళ్ళు వాళ్ళ చేతి మీదే ఉంటాయి, అది వేరే సంగతి. దసరాకి ఆయుధ పూజలో స్కూటర్ పక్కన, సుత్తి పక్కన దీన్ని కూడా విప్పి పెట్టి బొట్టు పెడతాను. ఆ కుంకుమ గోటి గాడిలో ఇరుక్కుని సంక్రాంతి దాకా వదలదు.

వెనకటి పెద్దవాళ్ళకూ ఇలాంటివి ఉండేవి. మా తాత మొలతాడుకు ఇనప్పెట్టె తాళంచెవి, గుబిలి పుల్ల, ముళ్ళు తీసే శ్రావణం కలిసి వేలాడేవి. నడిస్తే గలగలమనేవి, తాత వస్తున్నాడని వీధి చివరి నుంచే తెలిసేది. అమ్మ గాజులకు ఇప్పటికీ నాలుగైదు పిన్నీసులు ఉంటాయి.

పోయిన వేసవిలో ఊరెళ్ళినప్పుడు మనవడి కాల్లో తుమ్మముల్లు దిగింది. వాడు అరుగు మీద కూర్చుని ఊరంతా వినబడేలా ఏడుస్తున్నాడు. నేను దర్జాగా చాకు తీశాను. శ్రావణం పిడిలో బిగుసుకుపోయింది, గోటితో లాగితే రావడం లేదు. కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, వెలుతురుకు తిప్పి చూస్తున్నాను. ఈలోగా ఏడుపు ఆగింది. తలెత్తితే అమ్మ పిన్నీసును గాజుకు తిరిగి తగిలించుకుంటోంది. ముల్లు ఆవిడ అరచేతిలో ఉంది.

“ఇంతకీ నీ దాంట్లో పిన్నీసుందిట్రా?” అంది.

గుండుసూది దాచుకునే మోడల్ ఒకటి ఉందనీ, దానికి ఇంకో రెండు వేలు ఎక్కువనీ చెప్పబోయి ఆగాను.

“లేదమ్మా” అన్నాను.

గాజు నుంచి ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. ఇప్పుడది చాకు రింగుకు వేలాడుతోంది.