పైపేరు మార్చితే లోపలి పేరు పోదు



సంఘంలో ఒకరు జబ్బుపడితే వారి స్కాన్ సీడీ తరచు మన యౌవనస్థుల చేతికి వస్తుంది. వెల్లూరు సీఎంసీకో, తెలిసిన మరో డాక్టరుకో పంపమని కుటుంబం అడుగుతుంది. ఇది మంచి పరిచర్యే. అయితే పద్ధతి తెలిసి చేయాలి.

సీటీ స్కాన్ అంటే ఒక్క బొమ్మ కాదు. ఒక్కొక్కటి సుమారు అర ఎంబీ ఉండే వందలాది బొమ్మల వరుస. వీటిని డైకామ్ అనే పద్ధతిలో భద్రపరుస్తారు. ప్రతి ఫైలులోనూ బొమ్మతోపాటు రోగి పేరు, పుట్టిన తేదీ, ఆసుపత్రి నంబరు సాధారణంగా ఉంటాయి. బయట "రోగి 1" అని పేరు మార్చినా లోపలి వివరాలు చెక్కుచెదరవు. తెరవగానే అవి కనబడతాయి.

కాబట్టి సీడీ మొత్తాన్ని ఒక ఫోల్డరులోకి కాపీ చేయండి. ఫైళ్ల సంఖ్య, సైజు సీడీతో సరిపోల్చి, ఒకసారి తెరచి చూడండి. లోపలి ఫైళ్ల పేర్లు ముట్టుకోవద్దు. సీడీలోని సూచిక ఆ పేర్లనుబట్టే బొమ్మలను వెదకుతుంది. అవి మారితే డాక్టరుగారికి స్కాన్ తెరచుకోకపోవచ్చు. పై ఫోల్డరు పేరు మాత్రమే మార్చండి. అందులో మనిషి పేరుగాని, వ్యాధి పేరుగాని ఉండకూడదు.

తరువాత సెవెన్‌జిప్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో పాస్‌వర్డు పెట్టి అన్నిటినీ ఒకే ఫైలుగా చేయండి. వేలకొద్దీ చిన్న ఫైళ్లకంటే ఒక్క పెద్ద ఫైలు పెన్‌డ్రైవులోకి త్వరగా ఎక్కుతుంది. పాస్‌వర్డును ఫోనులో వేరుగా చెప్పండి.

వైద్యం చేసే డాక్టరుకు పంపేటప్పుడు లోపలి పేరు తీసేయకండి. ఒకరి స్కాన్ మరొకరిదనుకుంటే ప్రాణానికే ముప్పు. ఇతరులకు చూపవలసివస్తే మాత్రం, రోగి అనుమతితో, డైకామ్ సాఫ్ట్‌వేరులో వివరాలు తొలగించే సదుపాయాన్ని వాడాలి. పని ముగిశాక కంప్యూటరు, పెన్‌డ్రైవు, ఫోను అన్నిటిలోనూ నకళ్లు చెరిపేయాలి. రీసైకిల్ బిన్ కూడా మరువవద్దు.

మరి ప్రార్థన గ్రూపులో? అక్కడ స్కాను, రిపోర్టు అవసరమే లేదు. క్షయ అనో, హెచ్‌ఐవీ అనో ఒక్క మాట బయటికి పొక్కితే ఒక ఆడపిల్ల సంబంధం చెడిపోవచ్చు, ఒకరి ఉద్యోగం పోవచ్చు. దేవునికి రోగి పేరు తెలుసు; రిపోర్టు చూపించి ఆయనకు వివరించనక్కరలేదు.

నోవహు కుమారులలో ఇద్దరు తండ్రివైపు చూడకుండానే వెనుకకు నడిచి ఆయనను కప్పారు. బలహీనతలో ఉన్న సహోదరునికి, సహోదరికి మనం చేయవలసిన సేవ కూడా అదే. సహాయం చేద్దాం, కప్పి చేద్దాం.